మేస్త్రమ్మ వంచిన వరుస

మా కుట్టు షెడ్డు మేస్త్రమ్మ పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూసింది. కబురు తెచ్చింది మా షెడ్డులో కాలర్లు కుట్టే రత్నమ్మ. నేను అప్పుడే పొయ్యి ముట్టించబోతున్నాను. "అవ్వా, మేస్త్రమ్మ మనల్ని ఇడిసిపెట్టి పాయె" అని గడప మీదే కూలబడింది. చేతిలో అగ్గిపుల్ల వేలు చురుక్కుమనేదాకా నేను ఆర్పలేదు. ముందు నాకు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇంక నన్ను షెడ్డులో ఎవరుంచుకుంటారు అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఇది రాయకూడని మాటేమో. కానీ ఆమె ఎటువంటి మనిషో చెప్పాలంటే ఆ భయం దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

చర్చి సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమని పాస్టరమ్మ గారు అడిగితే వద్దన్నాను. మిషను బడిలో మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. ఏది రాస్తే ఎవరు నొచ్చుకుంటారో, ఏది మరిచిపోతే మేస్త్రమ్మ ఏమనుకుంటుందో అని రెండు దినాలు అన్నం సయించలేదు. "మీరు మాట్లాడినట్టు రాయండి, నేను సరిచేస్తాను" అన్నారు. అందుకని రాస్తున్నాను.

మా షెడ్డు చూడని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. కర్నూలు మిషను కాంపౌండులో ఒకప్పుడు దొరల గుర్రాలు కట్టేసే సాల ఉండేది. దానికి బేతంచెర్ల బండలు పరిపించి, మొగుడు పోయినవాళ్ళకూ దిక్కులేని ఆడవాళ్ళకూ పని చూపించాలని అక్కడ కుట్టు షెడ్డు పెట్టారు. మేము ఎక్కువమంది సంఘపు వాళ్ళమే. ఖాసింబీ లాంటి సాయిబుల ఆడవాళ్ళూ ఉన్నారు. మా దగ్గర ఒక మనిషే చొక్కా మొత్తం కుట్టదు. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు పక్కలు కుడతారు, ఒకరు చేతులు పెడతారు, ఒకరు కాలరు. కాలరు పడ్డాక నా దగ్గరికి వస్తుంది. నేను కాజాలు తీస్తాను, అంటే గుండీ దూరే చీలికకు చుట్టూ దారంతో అల్లుతాను. అది మిషను మీద అయ్యే పని కాదు, కంటికీ చేతికీ పని. నా తర్వాత గుండీలు, ఇస్త్రీ, మడత.

మొదట్లో మేము ఆ పొడుగు సాలలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రైలు పెట్టెల్లాగా ఒకే వరుసలో కూర్చునేవాళ్ళం. కత్తిరించే ఆమెకు ఇస్త్రీ ఆమె ముఖం కూడా కనపడదు. కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఊరంతా డేరాలు, ఆఫీసులు, బంట్రోతులు. బంట్రోతులకు ఖాకీ కోట్లు కావాలి, తెల్ల చొక్కాలు కావాలి, హాస్టలు ఆడపిల్లలకు గౌన్లు కావాలి, మగపిల్లలకు నిక్కర్లు కావాలి. అన్నీ మా షెడ్డు మీదే పడ్డాయి.

పడినవన్నీ వచ్చి నా ముందర ఆగేవి. చొక్కాలప్పుడు ఎట్లాగో నెట్టుకొచ్చేదాన్ని. కోట్లు మొదలయ్యేసరికి నా గంప నిండి, పక్కన బండ మీద కుప్ప పడి, ఆ కుప్ప నా తలకంటే ఎత్తయ్యేది. కోటుకు ముందర పొడుగునా కాజాలే, జేబుల మూతలకూ కాజాలే, గుడ్డ చూస్తే గోనెపట్ట. వరుసలో నాకు కొంచెం ముందు కూర్చునే ఖాసింబీ చేతులు పెట్టే మనిషి. మిషను మీద ఆమె కాలు పడితే ఆగదు. ఒకరోజు అందరూ వినేటట్టు, "అవ్వ దగ్గరికి పోయిన కోటు బాయిలో పడిన బొక్కెనే. యా అల్లా, ఎప్పుడు పైకొస్తాదో!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడిస్తే సూది కనపడదు కదా.

షెడ్డు చూసుకునే అయ్యగారు మంచివారే. ఆయన మీద పైవాళ్ళ ఒత్తిడి ఉంది. వచ్చి నా కుప్ప చూసి మేస్త్రమ్మతో, "ఈ అవ్వను మాన్పించి చురుకైనామెను పెట్టుకోమ్మా. ఒక్కరి కోసం అందరూ ఆగితే ఎట్లా?" అన్నారు. నేను వింటున్నానని ఆయనకు తెలియదు. షెడ్డులో పని పోతే కాంపౌండులో గది కూడా పోతుంది. గది పోతే ఓర్వకల్లులో మా తమ్ముడి ఇంటి అరుగే గతి. మా మరదలు చెడ్డది కాదు, కానీ ఆమె పెట్టే ముద్ద లెక్క నాకు తెలుసు. ఆ సాయంత్రం నా చేతికి దారం సూదిలోకి ఎక్కలేదు.

మేస్త్రమ్మ అయ్యగారితో అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "వారం ఆగండయ్యా. నిదానం అవ్వలో ఉండాదో, గుడ్డలో ఉండాదో చూసి చెప్తా."

ఆమె నందికొట్కూరు వైపు మనిషి. మొగుడు పోక ముందూ పోయాక కూడా చేలల్లో కూలికి పోయి, ఆ తర్వాత మిషనులో కుట్టు నేర్చుకుంది. మనిషి సన్నం, గొంతు పెద్దది. కత్తెర పక్కన పెట్టాల్సి వస్తే దాన్ని మూసి, బిడ్డకు కప్పినట్టు పైన ఒక గుడ్డముక్క కప్పేది. నా కంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. నన్ను "పెద్దమ్మా" అనేది.

అయ్యగారు వచ్చి వెళ్ళిన మరుసటి దినం అన్నాల వేళ మమ్మల్నందరినీ లేపి మిషన్లు జరిపించింది. పొడుగు వరుసను నడిమికి వంచి, రెండు కొసలూ వాకిలి వైపు తెచ్చింది. అచ్చం గుర్రం లాడం. ఖాసింబీ ఊరుకుంటుందా? "గుర్రాల సాల కద, లాడం బాగానే కుదిరె. మేకులు ఎవరికి కొడ్తావు మేస్త్రమ్మా?" అంది. "నీ నోటికే మ్మే, మొదట" అంది మేస్త్రమ్మ. వాకిలి దగ్గర, రెండు కొసల మధ్య తాను కూర్చుంది. ఒక చేతి వైపు కత్తిరించిన గుడ్డ లోపలికి పోతుంది. రెండో చేతి వైపు మడత పెట్టిన బట్ట బయటికి వస్తుంది. మొదట గుడ్డ కత్తిరించే పనీ ఆమెదే, చివర దారాలు కత్తిరించి చూసుకునే పనీ ఆమెదే. "ఒకటి బయటికొస్తేనే ఒకటి లోపలికి" అనేది. అంతకు మించి ఎవరెంత గొడవ చేసినా లోపలికి వదిలేది కాదు.

ఆ వంపులో ఖాసింబీ, నేనూ ఎదురెదురు పడ్డాం. మధ్యలో ఒక మనిషి నడిచేంత సందు. నాకు ప్రాణం పోయినంత పనయింది. ఇన్నాళ్ళూ ఆమె మాటలు పక్క నుంచి వచ్చేవి, ఇప్పుడు నేరుగా ముఖం మీదికే.

ఎందుకిట్లా వంచావని రత్నమ్మ అడిగితే, మేస్త్రమ్మ సంగటి తింటూనే చెప్పింది. "మా ఊర్లో సెనక్కాయ చేన్లో కలుపు తీసేటప్పుడు తలా ఒక సాలు పట్టుకుంటాము. ఒకామె బిరీన పోతాది, ఒకామె ఎనకబడ్తాది. ముందు పోయినామె గట్టున కూచోని నవ్వుతా ఉండదు మ్మే. ఎనకబడినామె సాలుకు ఆ కొస నుంచి కలుపు తీస్తా ఎదురొస్తాది. ఇద్దరూ నడాన కలుస్తారు. ఆ పొద్దుకు ఆ సాలు ఐపోతాది. మీరు రైలు పట్టాల మాదిరి కూచుంటే యాడ ఎదురొస్తారు? అందుకే వంచినా."

వినడానికి బాగానే ఉంది. కానీ మొదటిరోజు ఆమె కూడా తప్పు చేసింది. నెత్తిన బరువుంటే ముందు దించుకోవాలన్నది కూలిమనిషి బుద్ధి. ఖాకీ కోట్లనే ముందు వరుసగా వదిలింది. ఎండ ఎక్కేసరికి నా ముందర కోట్ల గుట్ట. నా తర్వాత గుండీలు పెట్టేవాళ్ళ చేతిలో ఏమీ లేదు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊరికే బూడిదవుతున్నాయి. రత్నమ్మ కాలరు మిషను మీద తల పెట్టి నిద్రపోయింది. నేను ఇంటికి పోయే దారి తలుచుకుంటున్నాను. మేస్త్రమ్మ లేచి వరుసంతా ఒకసారి తిరిగి చూసి, నడుము మీద చేతులు పెట్టుకుని తనను తానే తిట్టుకుంది. "నా బుద్ధి కాల! సంగటంతా ముందే మింగి, చారంతా తర్వాత తాగితే గొంతు పట్టకుండా ఉంటాదా?"

అప్పటి నుంచి ఒక కోటు వెనక రెండు చొక్కాలు, మధ్యలో ఒక నిక్కరు. మా మాటల్లో కోటు సంగటి అయింది, చొక్కా చారు అయింది. ఎవరికైనా గంప బరువెక్కితే, "మేస్త్రమ్మా, సంగటి చాలు, కొంచెం చారు పొయ్యి!" అని కేక. ఒకసారి అయ్యగారు వాకిట్లో నిలబడి విని, ఇంతమంది ఆడవాళ్ళు ఆకలితో పని చేస్తున్నారనుకుని, పాపం, ఇంటి నుంచి మజ్జిగ కుండ పంపించారు. మేము తాగేశాం. నిజం చెబితే మళ్ళీ పంపరేమోనని ఖాసింబీ ఎవర్నీ చెప్పనియ్యలేదు.

మేస్త్రమ్మ అయ్యగారికి చెప్పిన వారం లోపలే హాస్టలు గౌన్లు వచ్చాయి. గౌనుకు కాజాలు తక్కువ. కానీ నడుము దగ్గర కుచ్చులు, బుట్ట చేతులు, చేతుల కొసకు మళ్ళీ కుచ్చులు. చేతులు పెట్టే ఖాసింబీ దగ్గర పని ఆగింది. గంప నిండింది. బండ మీదికి పొర్లింది. మిషను మీద ఆమె కాలు పడుతూనే ఉంది, కుప్ప మాత్రం తరగదు. నా ఒడి ఖాళీ. మొదటిసారి ఆ షెడ్డులో నేను ఊరికే కూర్చున్నాను. అందరూ ఖాసింబీ వైపు చూస్తున్నారు. ఎవరి చూపైనా అట్లా నా మీద పడినప్పుడు నాకెట్లా ఉండేదో తెలుసు కాబట్టి నేను కిందికి చూశాను.

మేస్త్రమ్మ వాకిలి దగ్గర నుంచే పిలిచింది. "పెద్దమ్మా, ఎదురు పో."

నేను లేవలేదు. ఖాసింబీ తిడుతుందని భయం, నా చేతి పని ఆమెకు నచ్చదని భయం. రెండోసారి పిలిచాక సందు దాటి వెళ్ళాను. ఒక గౌను చెయ్యి తీసుకుని, కొసన దారం ఎక్కించి కుచ్చు లాగి, ముడి వేసి ఆమె మిషను పక్కన పెట్టాను. ఇంకొకటి. ఆమె తల ఎత్తలేదు. కొంచెం సేపటికి, "తెల్లగుడ్డ అది. నీ చేతి చెమట అంటనీకు" అంది. అదే ఆమె మెచ్చుకోలు అని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియక చేతులు కడుక్కుని వచ్చాను. పొద్దు వాలేసరికి కుప్ప లేదు.

అయ్యగారు వచ్చినప్పుడు మేస్త్రమ్మ నా పేరు ఎత్తలేదు, ఖాసింబీ పేరూ ఎత్తలేదు. "చూసినానయ్యా. నిదానం మనిషిలో ల్యాదు. కోటొస్తే ఒగరి కాడ, గౌనొస్తే ఒగరి కాడ కూచుంటాది. దాన్ని లేపి నడిపిస్తే సరి. ఎవర్నీ లేపి పంపేది ల్యాదు" అంది. ఆయన వరుసను చూసి, "సరేనమ్మా, పని అందితే చాలు" అని వెళ్ళిపోయారు. నా గది నాకు మిగిలింది.

ఆ తర్వాత కోట్లు వచ్చినప్పుడల్లా ఖాసింబీ తన గంప ఖాళీ కాగానే పీట తిప్పుకుని, నా కుప్పలో నుంచి ఒక కోటు లాక్కునేది. తిట్టడం మానలేదు. "ఈ జేబు మూతలు ఎవడు కనిపెట్టినాడో వాడి చెయ్యి పడిపోను" అంటూ కాజాలు తీసేది. తిట్టు నా మీద నుంచి జేబుల మీదికి పోయింది. అదే చాలనుకున్నాను.

రాజధాని హైదరాబాదుకు పోయాక డేరాలు లేచిపోయాయి, మా పని కూడా వాటి వెంటే పోయింది. షెడ్డులో మిషన్ల చప్పుడు కంటే పావురాల చప్పుడు ఎక్కువైంది. మళ్ళీ మనుషుల్ని తగ్గించాలన్న మాట వచ్చింది. నాకు మళ్ళీ నిద్ర దూరమైంది. ఎవరు తగ్గినా ముందు తగ్గేది నేనే కదా. మేస్త్రమ్మ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి, "పని తగ్గితే అందరికీ తగ్గాల. కరువులో గంజి పలచన చేస్తాము గాని, బిడ్డను తీసకపోయి బయట పెడ్తామా?" అని అడిగింది. కొందరికి ఇష్టం లేదు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువున్నవాళ్ళు గొణిగారు, వాళ్ళనూ తప్పు పట్టలేం. చివరికి అందరమూ సగం పూట పనికే ఒప్పుకున్నాం. ఆ సగం పూటతోనే ఇన్నాళ్ళూ షెడ్డు నిలబడింది.

పోయిన ఎండాకాలం నుంచి ఆమెకు ఆయాసం. నడిస్తే ఆయాసం, నవ్వితే దగ్గు. ఖాకీ గుడ్డ నాలుగు మడతలు వేసి కత్తెర నొక్కితే బొటనవేలు వణికేది. వాకిలి దగ్గర గుడ్డ ఆలస్యమైతే వరుసంతా ఆగుతుంది. ఆమె ఆ సంగతి ఒప్పుకోదు, మాకు చెప్పే ధైర్యం లేదు. రత్నమ్మ పొద్దున్నే ముందుగా వచ్చి, దళసరి గుడ్డలు కత్తిరించి పెట్టి, ఏమీ ఎరగనట్టు కాలరు మిషను దగ్గర కూర్చునేది. చివర దారాలు తెంపే పని గుండీల వాళ్ళు తమ దగ్గరే కానిచ్చేసేవాళ్ళు. నేను ఏం చేయగలను, ఆమె చెంబులో నీళ్ళు నిండుగా ఉంచేదాన్ని.

కొన్నాళ్ళకు ఆమె పసిగట్టింది. కత్తెర మీద కప్పిన గుడ్డ ఇటుది అటు ఉందట. "నా కత్తెర ఎవరు ముట్టినారు మ్మే?" అని అడిగింది. అందరి మిషన్లూ ఒక్కసారే ఆగాయి. ఎవరైనా ఒకరు చెప్పకపోతే ఆమె రత్నమ్మను పట్టుకుని కడిగేస్తుందని నాకు భయం. అందుకే, "మేమే అమ్మా. నీ సాలుకు ఎదురొచ్చినాము" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపమో మరొకటో తెలియలేదు. తర్వాత కత్తెర తీసి, పిడి రత్నమ్మ వైపు ఉండేటట్టు పట్టుకుని ఇచ్చింది. "వస్తే రాండి. సాలు తొక్కకుండా రాండి" అంది. ఆ రోజు నుంచి దళసరి గుడ్డ ఆమె ముట్టలేదు. పలచ గుడ్డ మాత్రం కడదాకా ఎవరికీ ఇవ్వలేదు.

శుక్రవారం మేమంతా ఆమె గది ముందు చేరేసరికి పొద్దు పైకి వచ్చింది. సాయంత్రం మట్టి చేయాలన్నారు. తెల్లచీర పాస్టరమ్మ గారు తెచ్చారు. తెల్లరవిక లేదు. అయ్యగారు బజారుకు మనిషిని పంపబోతే ఖాసింబీ అడ్డం నిలబడింది. "బజారు రవిక తొడిగి పంపిస్తామా అయ్యా, ఇంతమంది కుట్టేవాళ్ళం ఉండి?" అంది. ఆయన, "నిజమే. మీ ఇష్టం. షెడ్డు సంగతి సోమవారం మాట్లాడుకుందాం" అన్నారు. సోమవారం అనగానే నాకు మళ్ళీ నా గది గుర్తొచ్చింది.

షెడ్డు తెరిచి ఎవరి పీటల మీద వాళ్ళం కూర్చున్నాం. వాకిలి దగ్గర ఆమె చోటు ఖాళీగా వదిలి, రత్నమ్మ పక్కన నిలబడే తెల్లటి పలచ మల్లుగుడ్డ కత్తిరించింది. కొలత కోసం పాత రవిక అడగలేదు, ఆమె భుజాలు మాకందరికీ తెలుసు. పక్కలు కుట్టే ఆమె పక్కలు కుట్టింది. మిగిలిన మిషన్లన్నీ ఊరికే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ వరుసలో ఒక్కటే బట్ట తిరగడం అదే మొదలు. ఒకరి చేతిలో ఉంటే మిగిలినవాళ్ళు ఖాళీ ఒళ్ళతో దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఖాసింబీ చేతులు పెట్టింది. రత్నమ్మ తన మిషను దగ్గరికి తిరిగి వచ్చి మెడపట్టీ వేసింది. అప్పుడది నా ఒడిలోకి వచ్చింది.

ముందర పొడుగునా కాజాలు. మొదటిది తీస్తుంటేనే కుట్టు పక్కకు పోయింది. విప్పాను. మళ్ళీ తీశాను. మట్టికి వేళవుతోంది. అందరూ నా కోసమే ఆగి ఉన్నారు. తల ఎత్తితే ఆ పాత చూపులు కనపడతాయేమోనని ఎత్తలేదు. "నా వల్లనే ఆలస్యమైతాండాది, ఎవరన్నా తీసుకోండమ్మా" అన్నాను. ఎదురుగా నుంచి ఖాసింబీ గొంతు వచ్చింది. "నువ్వే కుట్టు అవ్వా. ఇది ఎవరూ ఎదురొచ్చే పని కాదు. నీ దారిన నువ్వు కుట్టు. రేపు సోమవారమూ నువ్వు ఈ పీట మీదే కుడ్తావు, అయ్యగారికి నేను చెప్తా."

కుట్టాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎవరూ దగ్గలేదు, కాలు కదపలేదు. నా దగ్గర నుంచి రవిక గుండీలకు పోయింది, ఇస్త్రీకి పోయింది. మడత పెట్టే ఆమె దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని, అలవాటున వాకిలి వైపు చాపింది.

తీసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. మేమెవరమూ లేవలేదు. వాకిట్లో నుంచి వేడిగాలి వచ్చి, ఇంకా ఇస్త్రీ వెచ్చదనం పోని ఆ తెల్లరవిక చెయ్యి ఒకటి మడతలో నుంచి జారి, ఖాళీ పీట మీదికి వేలాడింది.